ఉడుంపట్టు వదులు

సన్నీబ్యాంక్, బ్రిస్బేన్
ఏప్రిల్, పనికి ఎగనామం పెట్టిన సోమవారం

ప్రకటన.

ఆస్ట్రేలియా ఖండమున, సన్నీబ్యాంక్ పేటలో, చైనావారి బాతుల హోటలు వెనక వీధిన కాపురముండువాడును, ఇంటర్మీడియెట్ రెండుమార్లు తప్పినవాడును అగు కనకరాజు సకల బంధుజనమునకు చాటించునది: నేటి నుండి మా ఇంట ఆవకాయ సీసా మూత ఎడమకు తిప్పి తీయవలెను, కుడికి తిప్పి పెట్టవలెను. తికమకపడి అట్లకాడతో మోదినవారు నా భార్యయే అయినను ఉపేక్షింపబడరు. మరియు, మా వదినగారు శ్రీమతి సత్యభామ నన్ను వాట్సాప్‌లో బ్లాక్ చేసియున్నందున ఈ శాసనము వారికి పోస్టు ద్వారా అందును.

వదినా, గ్రాంథికం ఇక్కడితో ఆపేస్తున్నాను. చొక్కాకి మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టుకుని రాస్తున్నట్టుంది.

నిరుడు మీ విలువిద్య క్లబ్బు పోటీలో నీ బాణం వాగు అవతలున్న పంది బొమ్మని వదిలేసి వాగులో మునిగింది. వీడియో తీసింది మా అన్నయ్య. నేను చేసిందల్లా దానికి కామెంటరీ చెప్పి కుటుంబం గ్రూపులో పెట్టడం. "సత్యభామ గారి బాణం చేపల జనాభా లెక్కలకు బయల్దేరింది" అన్నది కాస్త ఎక్కువైందేమో. దానికి బ్లాకా? తణుకులో మా మేనత్త ఆ ముక్క పదిసార్లు పెట్టించుకుని వింది.

అసలు సంగతికొస్తాను. బాణం వేసినప్పుడల్లా నీ ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోందట, మొన్న కాఫీ కప్పు కూడా జారిపోయిందట. అన్నయ్య ఫోనులో చెప్పాడు. నన్నెందుకు అడగలేదు? రోజంతా గడ్డి కోసే మిషన్లు బాగుచేసి బతికేవాణ్ణి. అదురు గురించి నాకు తెలిసినంత భూకంపాల ఆఫీసులో కూడా తెలీదు. నీ విల్లు ఎక్కడ, ఎలా అదురుతోందో వివరంగా రాయి. కోపం తర్వాత చూసుకుందాం, అదెక్కడికీ పోదు.

మీ మరిది,
కనకరాజు


స్కోఫీల్డ్స్, సిడ్నీ
మే

కనకరాజుకి,

ఉత్తరం రాస్తున్నాను కదా అని క్షమించాననుకోకు. ప్రశ్న అడిగావు, జవాబు చెబుతున్నాను.

నాది కొసలకి చక్రాలుండే విల్లు. పక్కింటి వెంకట్ లోపలి పల్లెల్లో అడవి పందుల వేటకి వాడి, విసుగొచ్చి నాకమ్మాడు. వేటకి చేసింది కనక పొట్టిది, వేగం ఎక్కువ. నేను వేటాడేది క్లబ్బులో నురగతో చేసిన పందులనే అని దానికి తెలీదుగా. తాడు వదలగానే గుర్రంలా తన్నుతుంది. ఆ తన్ను అరచేతి మడమలో తగిలి మణికట్టు దాకా పాకుతుంది. రైల్వేస్టేషన్ మెట్లమీద పడి ప్లేటు వేయించుకున్న చెయ్యే అది. తర్వాత చిటికెనవేలూ దాని పక్క వేలూ గంటసేపు నావి కావు.

చేతుల డాక్టరు సూటిగా చెప్పింది. అక్టోబరులో మళ్లీ చూస్తుందట. అప్పటిదాకా కొద్దికొద్దిగా వేసుకోవచ్చు. అప్పటికీ తిమ్మిరి ఇలాగే ఉంటే విల్లు పూర్తిగా మానెయ్యాలి. మీ అన్నయ్య అంతదాకా కూడా ఆగలేదు, విల్లు వెనక్కి తీసుకుంటావా అని వెంకట్‌ని అడిగేశారు. అపూర్వ సరేసరి, "మమ్, జస్ట్ డూ యోగా" అంటుంది. పదిహేడేళ్ల పిల్ల నాకు యోగా చెబుతోంది.

పోటీ సెప్టెంబరులో. అదే వాగు, అదే పంది. క్లబ్బులో పిల్లలు వాడే తేలిక విల్లు ఇస్తామన్నారు, వద్దన్నాను. నా విల్లుతోనే వేస్తాను. ఆఫీసులో నా పనే పక్కవాళ్ల జీతాల లెక్కల్లో తప్పులు దిద్దడం. నా తప్పు నా కళ్లకి కనిపించేది ఆ పంది ఒంటి మీద ఒక్కచోటే. ఎందుకో ఆ చోటంటే నాకిష్టం. దాన్ని వదులుకోను.

నీకు తెలిసింది చెప్పు. వెటకారం సగం తగ్గించి రాయి.

సత్యభామ


సన్నీబ్యాంక్
జూన్, చలి మొదలైన రోజు

వదినా,

సగం తగ్గించాను. మిగతా సగం నా ప్రాణం, అడగొద్దు.

అదురు రెండు రకాలు. ఒకటి గరగర, రెండోది దెబ్బ. గరగర అంటే ఎక్కడో ఏదో వదులై వణుకుతున్నట్టు. దెబ్బ అంటే మొత్తం విల్లే నిన్ను గుద్దినట్టు. మా షాపుకొచ్చే పెద్దమనుషులు రెండూ కలిపి "ఇట్స్ షేకింగ్, మేట్" అంటారు, అక్కడే కథ చెడుతుంది.

ముందు గరగర పట్టుకో. కుండ కొనేటప్పుడు వేలు మడిచి కొట్టి చూస్తాం కదా, అలా విల్లంతా కొట్టుకుంటూ రా. బాణం పెట్టకుండా తాడు మాత్రం లాగి వదిలెయ్యకు, విల్లు విరిగి మూతి పగులుద్ది, తర్వాత ఆ వీడియో కూడా నా మీదకే వస్తుంది. ఎక్కడ పలకకూడని చోట పలికితే అక్కడ స్క్రూ వదులని లెక్క.

దీంతోపాటు గడ్డిమిషను హ్యాండిల్‌కి వేసే రబ్బరు ముక్కలు నాలుగు పంపుతున్నాను. విల్లు బద్దలకి రెండేసి కట్టు. మా మిషన్లకి అద్భుతంగా పనిచేస్తాయి. విల్లుకి పనిచెయ్యకపోతే విల్లుదే తప్పు.

కనకరాజు


స్కోఫీల్డ్స్
జూలై

కనకరాజుకి,

నీ రబ్బరు ముక్కల్లో ఒకటి మొదటి బాణానికే ఊడి, వెనక కుర్చీలో కూర్చున్న మా క్లబ్బు ప్రెసిడెంటు టీ కప్పులో పడింది. ఆయన ఎనభై దాటిన మనిషి. కప్పులోంచి తీసి, తుడిచి, "ఐ థింక్ దిస్ ఈజ్ యోర్స్, లవ్" అని నాకే ఇచ్చాడు. మిగతా మూడూ నేనే పీకి పారేశాను. విల్లుకి చేసిన రబ్బర్లు వేరే ఉంటాయట, మా కోచ్ గ్రెగ్ అవి బిగించాడు.

కానీ కుండ మాట నిజమే. కొట్టుకుంటూ వస్తే గురి చూసే సామాను దగ్గర ఒక స్క్రూ జలుబు చేసినట్టు పలికింది. బిగించాను, గరగర పోయింది. విల్లు ముందువైపు బరువున్న కడ్డీ ఒకటి, తాడు వచ్చి ఆనడానికి రబ్బరు మొన ఒకటి గ్రెగ్ పెట్టాడు. ఇప్పుడు చప్పుడు చాలా మెత్తబడింది.

ఇంకోటి నేనే పట్టుకున్నాను, నువ్వు కాదు. షాపువాడు వేగం వేగం అని నాకు మరీ తేలిక బాణాలు అంటగట్టాడు. విల్లు ఇచ్చే బలమంతా బాణం మోసుకుపోవాలి. అది మోయలేనంత తేలికైతే మిగిలింది నా మణికట్టు మోస్తోంది. ఖాళీ లారీ రోడ్డుమీద ఎగురుతుంది, లోడు లారీ నేలని కరుచుకుని పోతుంది, అంతే కదా. బరువు బాణాలకి మారాను. దెబ్బ సగానికి సగం తగ్గింది. కాకపోతే బరువు బాణం దూరం వెళ్లేకొద్దీ కిందికి దిగుతుంది. గురి మొత్తం మళ్లీ సరిచేసుకోవాలి. వాగు మీదుగా వెయ్యాలంటే ఇప్పటికీ గుండె జారుతోంది.

మిగిలిన సగం మాత్రం మొండికేసింది. వేళ్లు ఇంకా తిమ్మిరెక్కుతూనే ఉన్నాయి. "లెట్ ఇట్ జంప్, డార్ల్" అంటాడు గ్రెగ్. ఎగరనివ్వాలట. ఎలా ఎగరనిచ్చేది?

సత్యభామ


(కోలా బొమ్మ కార్డు, సన్నీబ్యాంక్, ఆగస్టు)

పట్టు వదులు, వదినా.
క.రాజు


స్కోఫీల్డ్స్
ఆగస్టు

కనకరాజూ,

నీ కార్డు చేరింది. మీ అన్నయ్యే పోస్టుబాక్సులోంచి తెచ్చి, చదివి, "వాడికైనా బుద్ధుంది" అన్నారు. ఆ సాయంత్రమే వెంకట్ వచ్చి నా విల్లుని అటూ ఇటూ తిప్పి చూసి వెళ్లాడు. నా ఎదురుగా. పెళ్లిచూపుల్లాగా.

డాక్టరు వదలమనచ్చు, ఆవిడ ఉద్యోగం అది. మీ అన్నయ్య వదలమంటారు, ఆయనకి భయం. అపూర్వ అంటుంది, దానికి సిగ్గు. నువ్వు కూడా అంటావనుకోలేదు. నాలుగు నెలలు రబ్బర్లూ స్క్రూలూ అని ఆడించి, చివరికి కోలా బొమ్మ వెనక రెండు మాటలా?

నేను వదలను. ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

సత్యభామ


సన్నీబ్యాంక్
ఆగస్టు, అర్జెంటు పోస్టు

వదినా వదినా వదినా,

ఆగు. కవరు చింపింది ఎలాగూ చింపావు, చదివెయ్యి.

నేను రాసింది "వదులు". నువ్వు చదివింది "విడిచిపెట్టు". నేననుకున్నది "లూజు". పట్టు వదులుగా ఉంచు అని చెప్పబోయాను. ఒక్క "గా" తగిలించి ఉంటే ఈ రామరావణ యుద్ధం ఉండేది కాదు. చోటు చాలలేదు, కోలా చెవి అడ్డమొచ్చింది. తెలుగు పేపరులో ముప్పై ఆరు తెచ్చుకున్నవాడితో ఉత్తరాలు నడిపితే ఇలాంటి ప్రమాదాలుంటాయి.

వదినా, నిన్ను విల్లు మానమనడానికి నేనెవణ్ణి. నువ్వు మానేస్తే సెప్టెంబరులో నేను కామెంటరీ దేనికి చెప్పుకోవాలి?

ఇప్పుడు సరిగ్గా విను. మా షాపులో కొత్తగా చేరినవాళ్లు గడ్డిమిషను హ్యాండిల్‌ని దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటారు. సాయంత్రానికి చెంచా పట్టుకోలేరు. మిషను అదురు అందరికీ ఒకటే, ఎంత బిగిస్తే అంత ఒంట్లోకి దిగుతుంది. నీ విల్లూ అంతే. అది ముందుకి ఎగరాలనుకుంటుంది. నువ్వు ఎగరనివ్వవు. ఆ తగువులో నలిగేది నీ మణికట్టు. ఎగిరితే కింద పడకుండా మణికట్టుకి తాడు ఉంటుందిగా.

నీ చేతి సంగతి నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో పుష్కరాల రద్దీలో తప్పిపోతావేమోనని మా అమ్మ నీ చెయ్యి పట్టుకుంది. నువ్వు తిరిగి పట్టుకున్న పట్టుకి అమ్మ చేతి గాజు పుటుక్కుమంది. అమ్మ ఇంటికొచ్చి ఏమందో గుర్తుందా? "పిల్లది కాదురా, ఉడుం. దీని పట్టు ఉడుంపట్టు." చచ్చేదాకా నిన్ను ఉడుమనే పిలిచింది, ముద్దుగానే.

పట్టుదల నీ దగ్గరే ఉంచుకో. పట్టు ఒక్కటి వదులు చెయ్యి. చెయ్యి అనే మాట కూడా రాశాను, చూసుకో.

విల్లు పిడికి రెండువైపులా ఉండే చెక్కలు స్క్రూలు విప్పితే ఊడొస్తాయి. అవి నాకు పంపు. ఏంచేస్తానని అడక్కు.

కనకరాజు


స్కోఫీల్డ్స్
ఆగస్టు చివర

కనకరాజుకి,

చెక్కలు పంపుతున్నాను. రబ్బర్లు మాత్రం అంటించకు, మా ప్రెసిడెంటు ఈ మధ్య కప్పుకి మూత పెట్టుకుంటున్నాడు.

"గా" సంగతి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. నవ్వి, వెంకట్‌కి ఫోన్ చేసి అక్టోబరు దాకా ఆగమన్నారు. అంతవరకు నయం.

చెప్పినంత తేలిక కాదు. విల్లు కింద పడుతుందనే భయం లేదు. తాడు లాగి పట్టుకున్నంతసేపూ చెయ్యి వదులుగానే ఉంటుంది. వదిలే క్షణంలో నన్నడక్కుండానే వేళ్లు మూసుకుంటాయి. రోడ్డు దాటుతున్న పిల్లని గబుక్కున పట్టుకున్నట్టు. గ్రెగ్ నా వేళ్ల మధ్య పెన్సిల్ పెట్టి చూశాడు, పెన్సిల్ విరిగింది. ఆయన వినయంగా ఇంకో పెన్సిల్ తెచ్చుకోడానికి వెళ్లాడు.

మొన్న ఆదివారం ఒక ఉడుం, ఇక్కడ గోవానా అంటారు, సరిగ్గా బాణాల దారిలోకి వచ్చి ఎండలో పడుకుంది. రూలు ప్రకారం అందరం విల్లులు దించి నిలబడ్డాం. అరగంట. ఎవరూ దాన్ని కదిలించలేకపోయారు. చుట్టం వచ్చిందనుకుని నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. నీ ఉత్తరం పర్సులోనే ఉంది.

సత్యభామ


సన్నీబ్యాంక్
సెప్టెంబరు

వదినా,

చెక్కలు తిరిగి పంపుతున్నాను. పైన మెత్తటి తోలు చుట్టాను. నున్నగా ఉందని మురిసిపోకు, దాని కింద ఏముందో చెబుతాను.

అమ్మ పోయాక ఆవిడ గాజుల డబ్బా నేను తెచ్చుకున్నాను, మీకెవరికీ చెప్పలేదు. పుష్కరాల్లో నువ్వు పగలగొట్టిన ఆకుపచ్చ గాజు తోటిది అందులో ఒక్కటి మిగిలింది. దాన్ని రెండు ముక్కలు చేసి, ఎడమ చెక్కలో సన్నగా గాడి తీసి, ఒక ముక్క పడుకోబెట్టాను. మీద తోలు ఉంది కనక చేతికి గుచ్చుకోదు. విల్లుని వదులుగా పట్టుకుంటే పదేళ్లయినా దానికేం కాదు. బిగించావో, టప్.

ఇంకో ముక్క నా దగ్గరుంది. నీ దగ్గరున్నదాన్ని పగలగొట్టడమా మానడమా నీ ఇష్టం. మా అమ్మ చేతిని ఒకసారి ఎలా పట్టుకున్నావో చూశాం. రెండోసారి ఎలా పట్టుకుంటావో చూద్దాం.

కనకరాజు


స్కోఫీల్డ్స్
అక్టోబరు

చి. కనకరాజుకి సత్యభామ ఆశీస్సులు.

చెక్కలు వచ్చిన రోజు నీ మీద చెప్పలేనంత కోపమొచ్చింది. అత్తయ్య గాజుని గడ్డిమిషను వెధవ గాడిలో పెడతాడా అని. అయినా బిగించుకున్నాను. మొదటి బాణం వెయ్యడానికి చాలాసేపు ధైర్యం చాల్లేదు. వేశాక చూస్తే విల్లు నా చేతిలో లేదు. ముందుకి దూకి, మణికట్టు తాడుకి వేలాడి ఊగుతోంది. వేళ్లు తెరుచుకునే ఉన్నాయి. నాకు తగలాల్సిన దెబ్బ గాల్లోకి పోయింది. గ్రెగ్ పెన్సిల్ చెవి మీద పెట్టేసుకున్నాడు.

ఆ రోజు నుంచి వేసిన ప్రతి బాణానికీ అత్తయ్య చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకున్నాను. కాఫీ కప్పు జారడం మానింది.

పోటీ రోజు చెబుతాను. చివరి గురి వాగు దగ్గర. మీ అన్నయ్య ఫోను పట్టుకుని వెనకే నిలబడ్డారు. నిరుడు నవ్విన వాళ్లంతా ఉన్నారు. తాడు పూర్తిగా లాగాను. నీళ్లు కనపడ్డాయి. అంతే, వేళ్లు మూసుకున్నాయి. తోలు కింద టప్ మంది.

ఆ చప్పుడు నాకొక్కదానికే వినపడింది. బాణం వదల్లేదు. మెల్లగా తాడు దించేశాను. "యూ రైట్, డార్ల్?" అన్నాడు గ్రెగ్. నా కళ్లనిండా నీళ్లు, వాళ్లకేం చెప్పను. మా అత్తగారి గాజు రెండోసారి పగలగొట్టాను అంటే అర్థమవుతుందా?

వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడు చెయ్యి చూసుకున్నాను. కాపాడాల్సింది ఇంకేం మిగల్లేదు పిడిలో. అయినా వేళ్లు తెరుచుకునే ఉన్నాయి, వాటంతటవే. మళ్లీ లాగాను. వాగుని చూడలేదు, పంది భుజం మీద మచ్చనే చూశాను. ఎప్పుడు వదిలానో నాకే తెలీదు. విల్లు ఎగిరి మణికట్టు తాడుకి వేలాడింది. అవతలి ఒడ్డున మెత్తగా ధబ్ మని వినపడింది. నీళ్ల చప్పుడు కాదు. మీ అన్నయ్య వీడియో తియ్యడం మర్చిపోయి చప్పట్లు కొట్టారు.

డాక్టరు నిన్న చూసింది. వేళ్లకి స్పర్శ తిరిగొచ్చింది, వేసుకో అంది. వెంకట్‌కి నేనే చెప్పాను, విల్లు అమ్మను అని.

ఒక్కటే బాధ. ఇంతవరకూ ఆ తోలు విప్పలేదు. ముక్కలు చూడ్డానికి మనసు రావడం లేదు. అపూర్వకి కథంతా చెబితే మొదటిసారి ఫోను పక్కన పెట్టి వింది, ముక్కలు చిన్న లాకెట్‌లో పెట్టించుకుంటానంది. ఆదివారం అత్తయ్య ఫొటో ముందు దీపం పెట్టి, మీ అన్నయ్య చేత స్క్రూలు విప్పించాలనుకుంటున్నాం. నీ దగ్గరున్న రెండో ముక్క కూడా పంపు, కలిపి పెడదాం.

నిన్ను అన్‌బ్లాక్ చేశాను. అయినా ఉత్తరాలు మానకు.

మీ వదిన,
సత్యభామ


సన్నీబ్యాంక్
అక్టోబరు, శుక్రవారంలోపు చేరితీరాల్సిన ఉత్తరం

వదినా,

ఫోన్ చేద్దామనుకున్నాను, స్పీకర్‌లో అన్నయ్య వింటాడు. వాట్సాప్‌లో రాస్తే అపూర్వ చదివి పెడుతుంది. అందుకని నువ్వొక్కదానివే చదవాల్సింది ఇది.

ధబ్ మన్న చప్పుడు గురించి నువ్వు రాసిన చోట షాపులో నాలుగుసార్లు చదివాను. మా ఓనరు ఏమైందన్నాడు. "మా వదిన పందిని కొట్టింది" అన్నాను. "గుడ్ ఆన్ హర్" అని, కాసేపయ్యాక "లీగలేనా" అన్నాడు. ఈసారి కామెంటరీ చెప్పడానికి వీడియోనే లేకపోవడం మా అన్నయ్య నాకు చేసిన ద్రోహం.

ఇక ఆదివారం సంగతి. దీపం పెట్టుకో, తప్పులేదు. దణ్ణం పెట్టుకో. స్క్రూలు మాత్రం అన్నయ్య చేత విప్పించకు. లాకెట్ ఆర్డరు ఇచ్చి ఉంటే ఆపు. రెండో ముక్క నా దగ్గర లేదు. మొదటి ముక్క నీ దగ్గర లేదు.

పుష్కరాలు నిజం. నువ్వు పగలగొట్టిన గాజు నిజం. ఉడుం అన్నది అమ్మే, అదీ నిజం. గాజుల డబ్బా ఒక్కటే లేదు. అమ్మ గాజులన్నీ తణుకు మేనత్త ఎప్పుడో తీసుకుంది, అడుగు కావాలంటే. ఆ గాడిలో నేను పెట్టింది పుల్లైసు పుల్ల, షాపు మెట్ల మీద కూచుని తిన్నదాంట్లోది. పుల్ల కొసన ఎర్రగా ఉంటుంది. రక్తమనుకుని కంగారుపడకు, స్ట్రాబెరీ.

కనకరాజు